స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందంపై పార్లమెంటు చర్చ: మలేషియా అనుభవం - పరిశీలన

వ్యాససంగ్రహం:

పన్నెండు దేశాల ట్రాన్స్ పసిఫిక్ భాగస్వామ్య ఒప్పందంలో చేరే విషయమై 2016 జనవరిలో మలేషియా పార్లమెంటు ప్రత్యేకంగా సమావేశమై చర్చించింది. దిగువసభ 127-84 ఓట్లతో ఆమోదం తెలిపింది. అయితే సభ ఆమోదించిన ఆ ఒప్పందం ఏనాడూ అమలులోకి రాలేదు. దాని స్థానంలో రూపుదిద్దుకున్న మరో ఒప్పందాన్ని 2022లో ప్రభుత్వం సభలో ఓటింగు జరపకుండానే ధ్రువీకరించింది. చర్చ జరిగిన ఒప్పందం అమలు కాకపోవడం, అమలైన ఒప్పందంపై ఓటింగు జరగకపోవడం అనే ఈ వైరుధ్యాన్ని ఈ వ్యాసం రాజ్యాంగ నేపథ్యంతో పరిశీలిస్తుంది. వాణిజ్య ఒప్పందాలపై చట్టసభల చర్చకు బలం వాదనల పటిమ కంటే చర్చ జరిగే దశను బట్టి ఎక్కువగా చేకూరుతుందని నిరూపించే ప్రయత్నం చేస్తుంది.

కీలకపదాలు: స్వేచ్ఛా వాణిజ్యం, ఒడంబడిక, ధ్రువీకరణ, పార్లమెంటు, మలేషియా, ట్రాన్స్ పసిఫిక్ ఒప్పందం, కార్యనిర్వాహక వర్గం, పేటెంట్లు.

1. ఉపోద్ఘాతం:

స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం అనగానే దిగుమతి సుంకాల తగ్గింపు గుర్తుకు వస్తుంది. గత మూడు దశాబ్దాలలో కుదిరిన ఒప్పందాల పరిధి అంతటితో ఆగలేదు. మందుల పేటెంట్లు, ప్రభుత్వ కొనుగోళ్లు, ప్రభుత్వ రంగ సంస్థల నిర్వహణ, కార్మిక సంఘాల హక్కులు, పర్యావరణం, విదేశీ పెట్టుబడిదారుల రక్షణ వంటి అంశాలన్నీ వాటిలో చేరాయి. ఇవన్నీ సాధారణంగా దేశీయ చట్టసభలు చర్చించి నిర్ణయించవలసినవి. వీటిని దేశాల ప్రతినిధులు సంప్రదింపుల గదులలో తేల్చుకొని, కుదిరిన పాఠాన్ని సభ ముందుకు తెచ్చినప్పుడు సభ్యులు చేయగలిగినదేమిటి? ఒక్క పదాన్ని మార్చాలన్నా తక్కిన దేశాలన్నీ అంగీకరించాలి. అందువల్ల సభకు మిగిలేది అవుననడమో కాదనడమో మాత్రమే.

ఈ సమస్యను అధ్యయనం చేయడానికి మలేషియా అనుభవం తగిన ఉదాహరణ. అక్కడి రాజ్యాంగం ఒడంబడికలకు పార్లమెంటు ఆమోదం తప్పనిసరి అని చెప్పదు. అయినా ప్రభుత్వం ఒక ఒప్పందాన్ని సభకు తెచ్చింది. ఆరేళ్ల తరువాత దాని వారసత్వ ఒప్పందాన్ని అలా తీసుకురాలేదు. ఒకే దేశంలో, ఒకే రాజ్యాంగం కింద జరిగిన ఈ రెండు ఘట్టాలు పోలికకు వీలు కల్పిస్తున్నాయి.

2. ఒడంబడికలు చేసే అధికారం - రాజ్యాంగ నేపథ్యం:

మలయా సమాఖ్య రాజ్యాంగాన్ని 1956-57లో రీడ్ కమిషన్ రూపొందించింది. అలహాబాదు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన జస్టిస్ బి. మాలిక్ ఈ కమిషన్‌లో భారతదేశం నుండి నియమితులైన సభ్యుడు. మలేషియా, భారత రాజ్యాంగాలు రెండూ ఒడంబడికల విషయంలో బ్రిటిష్ సంప్రదాయాన్నే అనుసరించాయి. ఆ సంప్రదాయం ప్రకారం ఒడంబడిక చేసుకోవడం కార్యనిర్వాహక వర్గం పని. దానిని దేశంలో అమలు చేయడానికి చట్టం కావలసివస్తే ఆ చట్టం చేయడం పార్లమెంటు పని. చట్టం లేనిదే ఒడంబడిక పౌరుల హక్కులను, బాధ్యతలను మార్చలేదు.

మలేషియా రాజ్యాంగంలోని 39వ అధికరణం సమాఖ్య కార్యనిర్వాహక అధికారాన్ని రాజుకు అప్పగించింది. ఆచరణలో దానిని వినియోగించేది మంత్రివర్గమే. తొమ్మిదవ షెడ్యూలులోని సమాఖ్య జాబితా విదేశీ వ్యవహారాలను, ఒడంబడికలను కేంద్రానికి కేటాయించింది. ఒడంబడిక అమలు కోసం రాష్ట్ర జాబితాలోని అంశాలపై సైతం పార్లమెంటు చట్టం చేయవచ్చునని 76వ అధికరణం చెబుతుంది. అయితే ఇస్లామిక్ న్యాయం, మలయ్ ఆచారాలు, సబా, సరవాక్ రాష్ట్రాల స్థానిక ఆచార న్యాయం ఈ అధికారానికి వెలుపల ఉంటాయి. సంబంధిత రాష్ట్ర ప్రభుత్వాన్ని సంప్రదించిన తరువాతనే అటువంటి బిల్లును ప్రవేశపెట్టాలన్న నియమం కూడా ఉన్నది.

భారత రాజ్యాంగంలో దీనికి సమానమైనది 253వ అధికరణం. రాష్ట్రాలను సంప్రదించాలన్న నియమం అందులో లేదు. ఇక్కడ ఒక విశేషం గమనింపదగినది. భారత రాజ్యాంగపు ఏడవ షెడ్యూలులోని కేంద్ర జాబితాలో 14వ అంశం విదేశాలతో ఒడంబడికలు. రాష్ట్ర జాబితాలో 14వ అంశం వ్యవసాయం. సంఖ్య ఒకటే అయినా అధికారాలు వేరు. వ్యవసాయోత్పత్తులపై సుంకాలు తగ్గించే ఒప్పందం కుదిరినప్పుడు ఈ రెండు అంశాలూ ఎదురుబొదురవుతాయి. మలేషియా ప్రధాన ఎగుమతులలో పామాయిల్ ఒకటి. ఆయిల్ పామ్ సాగులో భారతదేశంలో ముందున్న రాష్ట్రాలు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ. ఆసియాన్ దేశాలతో భారతదేశం కుదుర్చుకొని 2010 జనవరి 1 నుండి అమలు చేస్తున్న సరుకుల ఒప్పందంలో పామాయిల్ సుంకం ప్రత్యేక అంశం. గెలల ధరతో జీవనం ముడిపడిన రైతుకు ఆ సుంకం ఎంత ముఖ్యమో చెప్పనవసరం లేదు. కాని దానిని నిర్ణయించే ఒప్పందానికి రాష్ట్ర శాసనసభ ఆమోదం గానీ పార్లమెంటు ఆమోదం గానీ రాజ్యాంగరీత్యా అవసరం లేదు.

3. చర్చకు పూర్వరంగం:

ట్రాన్స్ పసిఫిక్ ఒప్పందపు సంప్రదింపులలో మలేషియా 2010 అక్టోబరులో చేరింది. అమెరికా, జపాన్, కెనడా, ఆస్ట్రేలియా, వియత్నాం మొదలైన పన్నెండు దేశాల సంప్రదింపులు 2015 అక్టోబరు 5న అట్లాంటాలో ముగిశాయి. ఈ ఐదేళ్ల కాలంలో పాఠం గోప్యంగానే ఉన్నది. ముసాయిదా అధ్యాయాలలో కొన్ని అనధికారికంగా బయటకు పొక్కినప్పుడు మాత్రమే పౌరసంఘాలు వాటిని చదువగలిగాయి. ప్రజల ఆందోళనకు స్పందనగా ప్రభుత్వం ఒప్పందపు లాభనష్టాలపై రెండు అధ్యయనాలు చేయించింది. ఒకటి ప్రైస్ వాటర్‌హౌస్ కూపర్స్ చేసినది. రెండవది మలేషియాలోని వ్యూహాత్మక, అంతర్జాతీయ అధ్యయనాల సంస్థ చేసినది. ఈ నివేదికలు 2015 డిసెంబరులో వెలువడ్డాయి. అప్పటికే సంప్రదింపులు ముగిసి రెండు నెలలు గడిచాయి. సంప్రదింపులలో ఏ అంశంపై పట్టుబట్టాలో తెలిపే సాధనాలుగా ఉపయోగపడవలసిన నివేదికలు, తేలిపోయిన పాఠాన్ని అంచనా వేసే పత్రాలుగా మాత్రమే మిగిలాయి.

అంతిమ పాఠం 2015 నవంబరు 5న వెలువడింది. ఒప్పందంపై సంతకం చేసే ఉద్దేశాన్ని అమెరికా అధ్యక్షుడు తమ కాంగ్రెసుకు తెలియజేసినది కూడా అదే రోజు. సంతకానికి 90 రోజుల ముందు కాంగ్రెసుకు తెలియజేయాలనీ, 60 రోజుల ముందు పాఠాన్ని ప్రజలకు అందుబాటులో ఉంచాలనీ 2015 నాటి అమెరికా వాణిజ్య అధికార చట్టం నిర్దేశించింది. ఆ గడువు పూర్తయిన వెంటనే, 2016 ఫిబ్రవరి 4న, న్యూజీలాండులోని ఆక్లాండులో సంతకాలు జరిగాయి. మలేషియా పార్లమెంటు ప్రత్యేక సమావేశం ఈ వ్యవధిలోనే, సంతకాలకు వారం రోజుల ముందు జరిగింది. మలేషియా సభ్యులకు పాఠాన్ని చదువుకోవడానికి దొరికిన సమయాన్ని సొంత రాజ్యాంగం కంటే మరొక దేశపు చట్టం ఎక్కువగా నిర్ణయించిందన్నది ఇక్కడ గ్రహించవలసిన అంశం.

4. సభలో చర్చ:

దేవాన్ రక్యాత్‌గా పిలువబడే దిగువసభ 2016 జనవరి 26, 27 తేదీలలో సమావేశమైంది. అంతర్జాతీయ వాణిజ్య, పరిశ్రమల మంత్రి ముస్తఫా మొహమద్ తీర్మానం ప్రవేశపెట్టారు. అంతకు మూడు రోజుల ముందు, జనవరి 23న, కౌలాలంపూర్‌లోని పడాంగ్ మెర్బోక్ మైదానంలో ఒప్పందాన్ని వ్యతిరేకిస్తూ భారీ ప్రదర్శన జరిగింది.

4.1 అనుకూల వాదనలు:

మలేషియా ఆర్థిక వ్యవస్థ ఎగుమతులపై ఆధారపడినది. దాని మొత్తం విదేశీ వాణిజ్యం విలువ స్థూల దేశీయోత్పత్తి విలువను మించి ఉంటుంది. అమెరికా, కెనడా, మెక్సికో, పెరూ దేశాలతో అప్పటికి మలేషియాకు స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందాలు లేవు. ఈ ఒక్క ఒప్పందంతో నాలుగు విపణులూ అందుబాటులోకి వస్తాయన్నది ప్రభుత్వ వాదనకు మూలం. ఇరుగుపొరుగు దేశాలలో సింగపూర్, బ్రూనై, వియత్నాం ఒప్పందంలో ఉండగా మలేషియా బయట ఉండిపోతే వస్త్ర, ఎలక్ట్రానిక్ పరిశ్రమల పెట్టుబడులు వియత్నాంకు తరలిపోతాయన్న భయం కూడా ఇందులో ఉన్నది. చేరితే వచ్చే లాభం కంటే చేరకపోతే కలిగే నష్టాన్ని చూపడం ఇటువంటి చర్చలలో పాలకపక్షాలకు సహజమైన పద్ధతి.

4.2 వ్యతిరేక వాదనలు:

ప్రతిపక్షాల అభ్యంతరాలు ప్రధానంగా నాలుగు విషయాలపై కేంద్రీకృతమయ్యాయి. మొదటిది మందుల ధరలు. పేటెంటు గడువు పొడిగింపు, బయోలాజిక్ మందుల సమాచారంపై ప్రత్యేక రక్షణ వంటి నిబంధనలు చవకైన జనరిక్ మందుల రాకను ఆలస్యం చేస్తాయి. ఇది ఊహాజనితమైన భయం కాదు. ఎయిడ్స్ మందుల విషయంలో మలేషియా ప్రభుత్వం 2003లో పేటెంటుదారు అనుమతి లేకుండా ప్రభుత్వ వినియోగ హక్కును ప్రయోగించి, భారతదేశం నుండి జనరిక్ మందులు దిగుమతి చేసుకున్నది.

రెండవది పెట్టుబడిదారు-ప్రభుత్వ వివాద పరిష్కార విధానం. దీని ప్రకారం విదేశీ పెట్టుబడిదారు దేశీయ న్యాయస్థానాలను దాటి అంతర్జాతీయ మధ్యవర్తుల ముందు ప్రభుత్వంపై దావా వేయవచ్చు. ఇటువంటి ఏర్పాటు మలేషియా గత పెట్టుబడి ఒప్పందాలలో ఉన్నదేనన్నది ప్రభుత్వ సమాధానం. పొగాకు నియంత్రణ చర్యలను ఇటువంటి దావాల నుండి మినహాయించుకునే వీలు తుది పాఠంలో చేరడం ఈ విమర్శకు పాక్షికమైన జవాబు.

మూడవది బుమిపుత్ర విధానం. సంస్కృతంలోని భూమిపుత్ర శబ్దం నుండి ఏర్పడిన ఈ పదం మలయ్ జాతీయులను, ఆదివాసీ సముదాయాలను సూచిస్తుంది. ప్రభుత్వ కొనుగోళ్లలో వీరికి లభిస్తున్న ప్రాధాన్యం విదేశీ సంస్థలతో సమాన అవకాశమనే సూత్రానికి విరుద్ధం. మలేషియా ఈ విషయంలో కొన్ని మినహాయింపులు సాధించుకున్నది. అవి చాలవని ఒక వర్గం, అసలు ఆ ప్రాధాన్య విధానమే సమీక్షింపదగినదని మరొక వర్గం భావించాయి. కనుక ఒప్పందాన్ని వ్యతిరేకించినవారందరి కారణాలు ఒకటి కావు. నాలుగవది సార్వభౌమత్వం. భావి పార్లమెంటులు చేయబోయే చట్టాలకు నేటి సంతకం హద్దులు గీస్తుందన్నది దీని సారం.

4.3 ఫలితం:

జనవరి 27న జరిగిన ఓటింగులో 127 మంది అనుకూలంగా, 84 మంది ప్రతికూలంగా నిలిచారు. పాలక బారిసాన్ నేషనల్ కూటమి ఒకవైపు, ప్రతిపక్షాలు మరొకవైపు మోహరించిన ఆ సభలో ఫలితం ముందుగానే ఊహింపదగినది. మరునాడు ఎగువసభ దేవాన్ నెగారా కూడా ఆమోదించింది. రెండు రోజుల చర్చ ఒప్పందంలోని ఒక్క అక్షరాన్నీ మార్చలేదు, మార్చే అవకాశమూ లేదు.

5. ఓటింగు తరువాతి పరిణామాలు:

2013 స్థూల దేశీయోత్పత్తి లెక్కల ప్రకారం సభ్యదేశాల మొత్తంలో 85 శాతం వాటా గల కనీసం ఆరు దేశాలు రెండేళ్లలోగా అన్ని దేశాల ధ్రువీకరణ లేకపోయినా ఒప్పందాన్ని అమలులోకి తేవచ్చునన్న నియమం ఉండేది. అంత వాటా అమెరికా, జపాన్ లేకుండా పూర్తికాదు. 2017 జనవరి 23న అమెరికా నూతన అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ తమ దేశాన్ని ఒప్పందం నుండి ఉపసంహరించారు. దానితో మలేషియా పార్లమెంటు ఆమోదించిన ఒప్పందం నిర్జీవమైంది.

మిగిలిన పదకొండు దేశాలు 2018 మార్చి 8న చిలీ రాజధాని శాంటియాగోలో సమగ్ర, ప్రగతిశీల ట్రాన్స్ పసిఫిక్ భాగస్వామ్య ఒప్పందంపై సంతకం చేశాయి. పాత పాఠాన్ని దాదాపు యథాతథంగా స్వీకరిస్తూ 22 నిబంధనలను తాత్కాలికంగా నిలిపివేశాయి. వాటిలో సగం మేధోసంపత్తికి సంబంధించినవి. బయోలాజిక్ మందుల సమాచార రక్షణ, పేటెంటు గడువు పొడిగింపు, తెలిసిన వస్తువు కొత్త ఉపయోగాలకు పేటెంటు వంటివి అందులో ఉన్నాయి. 2016లో ప్రతిపక్ష సభ్యులు తీవ్రంగా వ్యతిరేకించిన నిబంధనలు ఇవే. 84 ఓట్లు సాధించలేనిదానిని, వాటిని కోరిన దేశం తప్పుకోవడం సాధించింది.

ఆ ఏడాది మే 9న జరిగిన ఎన్నికలలో, స్వాతంత్ర్యం వచ్చిన నాటి నుండి అధికారంలో ఉన్న కూటమి తొలిసారి ఓడిపోయింది. మహాథిర్ మొహమద్ నాయకత్వంలోని కొత్త ప్రభుత్వం ధ్రువీకరణ విషయంలో తొందరపడలేదు. 2018 డిసెంబరు 30న ఆరు దేశాలతో ఒప్పందం అమలులోకి వచ్చినప్పుడు మలేషియా వాటిలో లేదు. 2020, 2021 సంవత్సరాలలో రెండుసార్లు ప్రభుత్వాలు మారాయి. చివరకు ఇస్మాయిల్ సబ్రి యాకోబ్ ప్రభుత్వం 2022 సెప్టెంబరు 30న ధ్రువీకరణ పత్రాన్ని సమర్పించింది. అప్పటి వాణిజ్య మంత్రి అజ్మిన్ అలీ 2016లో ప్రతిపక్షమైన పీపుల్స్ జస్టిస్ పార్టీ నాయకుడు. ధ్రువీకరణకు ముందు సభలో ఓటింగు జరగలేదు.

ధ్రువీకరణ జరిగిన పదిరోజులకు, అక్టోబరు 10న పార్లమెంటు రద్దయింది. నవంబరు 19న ఎన్నికలు జరిగాయి. నవంబరు 24న అన్వర్ ఇబ్రహీం ప్రధానమంత్రిగా ప్రమాణం చేశారు. ఐదు రోజుల తరువాత, నవంబరు 29న, మలేషియాకు సంబంధించి ఒప్పందం అమలులోకి వచ్చింది. ఈ విధంగా ఒక సభ చర్చించినది అమలు కాలేదు. ఒక సభ ఓటు వేయనిది అమలైంది. దానిని నిర్వహించే బాధ్యత 2016లో దానిని వ్యతిరేకించిన పక్షాలు ప్రధానంగా ఉన్న ప్రభుత్వంపై పడింది. దీనిలో రాజ్యాంగ ఉల్లంఘన ఏదీ లేదు. 2022లో జరిగినది రాజ్యాంగం అనుమతించినదే. 2016లో జరిగినది ప్రభుత్వం స్వచ్ఛందంగా కల్పించిన అవకాశం. స్వచ్ఛందంగా ఇచ్చిన అవకాశం మరొకసారి ఇవ్వకపోతే అడిగే హక్కు సభకు లేదన్నదే ఈ అనుభవం బయటపెట్టిన లోపం.

6. చర్చకు బలం చేకూరే దశలు:

ఒక వాణిజ్య ఒప్పందానికి స్థూలంగా మూడు దశలు ఉంటాయి. అవి సంప్రదింపులకు ముందు లక్ష్యాల నిర్ణయం, పాఠం కుదిరిన తరువాత ధ్రువీకరణ, ఆపై అమలుకు చట్టాల రూపకల్పన. మలేషియాలో చర్చ రెండవ దశలో జరిగింది. ఇతర దేశాల అనుభవాలు తక్కిన రెండు దశల ప్రాముఖ్యాన్ని తెలుపుతాయి.

అమెరికాలో 1974 వాణిజ్య చట్టంతో మొదలై, కొన్ని విరామాలతో 2021 వరకు, కాంగ్రెసు మొదటి దశలోనే లక్ష్యాలను చట్టంలో నిర్దేశించే పద్ధతి అమలులో ఉండేది. ప్రతిఫలంగా తుది ఒప్పందపు అమలు బిల్లుపై సవరణలు లేకుండా అవునో కాదో తేల్చడానికి అంగీకరించేది. ఐరోపా సమాఖ్యలో సంప్రదింపుల అన్ని దశలలోనూ ఐరోపా పార్లమెంటుకు సమాచారం ఇవ్వాలని మౌలిక ఒడంబడిక నిర్దేశిస్తుంది. వాణిజ్య ఒప్పందాలకు దాని సమ్మతి కూడా అవసరం. బ్రిటన్‌లో 2010 నాటి చట్టం ప్రకారం ఒడంబడికను 21 సమావేశ దినాలు సభ ముందుంచాలి. దిగువసభ అభ్యంతర తీర్మానం చేస్తే ధ్రువీకరణ వాయిదా పడుతుంది. కాని తప్పనిసరిగా ఓటింగు జరపాలన్న నియమం అక్కడా లేదు. బ్రిటన్ ఇదే ట్రాన్స్ పసిఫిక్ ఒప్పందంలో 2024 డిసెంబరు 15న చేరింది.

మూడవ దశ బలాన్ని భారత పార్లమెంటు అనుభవం చక్కగా నిరూపిస్తుంది. పి.వి. నరసింహారావు ప్రభుత్వ కాలంలో, 1994 ఏప్రిల్ 15న, భారతదేశం మరాకేష్ ఒప్పందంపై సంతకం చేసింది. దానికి పార్లమెంటు ఓటు అవసరం కాలేదు. అయితే పేటెంటు చట్టాన్ని సవరించక తప్పలేదు. 1994 డిసెంబరు 31న ప్రభుత్వం ఆర్డినెన్సు జారీ చేసింది. దాని స్థానంలో తెచ్చిన బిల్లు లోక్‌సభలో నెగ్గినా రాజ్యసభలో నిలిచిపోయి కాలదోషం పట్టింది. ప్రపంచ వాణిజ్య సంస్థలో భారతదేశం వివాదాన్ని ఎదుర్కొని ఓడిన తరువాతనే 1999లో తొలి సవరణ సాధ్యమైంది. 2005 సవరణ సందర్భంలో వామపక్షాల పట్టుదల వల్ల 3(డి) నిబంధన పటిష్ఠమైంది. తెలిసిన పదార్థపు కొత్త రూపానికి, దాని ఔషధగుణం గణనీయంగా పెరిగినట్లు నిరూపిస్తే తప్ప పేటెంటు లభించదన్నది దాని సారాంశం. 2013 ఏప్రిల్ 1న నోవార్టిస్ వ్యాజ్యంలో సర్వోన్నత న్యాయస్థానం తీర్పుకు ఆధారం ఈ నిబంధనే. ఒప్పందాన్ని మార్చలేని పార్లమెంటు, ఒప్పందం మిగిల్చిన వెసులుబాటును చట్టంలో వినియోగించుకోగలిగింది.

మలేషియాలో సైతం పారిశ్రామిక సంబంధాల చట్టం 2020లో, పేటెంట్ల చట్టం, ఉద్యోగ చట్టం 2022లో సభ ద్వారానే సవరణలు పొందాయి. వీటికి ఈ ఒప్పందం ఒక్కటే కారణం కాకపోయినా, దాని ప్రమాణాలకు దగ్గరయ్యే మార్పులు వీటిలో ఉన్నాయి. తీర్మానంపై చర్చకు లేని సవరణాధికారం బిల్లుపై చర్చకు ఉన్నది.

అయితే మూడవ దశకూ పరిమితి లేకపోలేదు. కేవలం సుంకాలు తగ్గించే ఒప్పందానికి కొత్త చట్టం అవసరం ఉండదు. భారతదేశంలో ప్రభుత్వ ప్రకటనతోనే సుంకాలు మారుతాయి. పదహారు దేశాల ప్రాంతీయ సమగ్ర ఆర్థిక భాగస్వామ్య సంప్రదింపుల నుండి భారతదేశం 2019 నవంబరు 4న బ్యాంకాక్‌లో తప్పుకున్నది. పాడి రైతుల ఆందోళన ఆ నిర్ణయానికి దోహదం చేసిన కారణాలలో ఒకటి. చేరాలన్న ప్రయత్నానికి గానీ వైదొలగాలన్న నిర్ణయానికి గానీ పార్లమెంటు ఓటు ఆధారం కాలేదు. జస్టిస్ ఎం.ఎన్. వెంకటాచలయ్య అధ్యక్షతన రాజ్యాంగ పనితీరు సమీక్షా కమిషన్ 2002లో ఇచ్చిన నివేదిక, ఒడంబడికలు చేసే అధికారాన్ని క్రమబద్ధం చేసే చట్టం అవసరమని సిఫారసు చేసింది. 246వ అధికరణం, కేంద్ర జాబితా 14వ అంశం ఆ చట్టానికి వీలు కల్పిస్తున్నా అది నేటికీ రూపుదాల్చలేదు.

7. ముగింపు:

మలేషియా దిగువసభ చర్చలో లేవనెత్తిన ప్రశ్నలు విలువలేనివి కావు. మందుల ధరల గురించి అక్కడ వినిపించిన వాదన సరైనదేనని తరువాతి ఒప్పందంలో ఆ నిబంధనలు నిలిచిపోవడమే సూచిస్తుంది. కాని సరైన వాదన సకాలంలో వినిపించే ఏర్పాటు లేనప్పుడు అది చరిత్రలో నమోదవుతుందే తప్ప ఫలితాన్ని నిర్ణయించదు. ధ్రువీకరణ దశలో ఓటు అవసరమని కోరడం సమంజసమే. అయితే ఆ ఒక్క సంస్కరణతో సమస్య తీరదని 127-84 ఓటింగు తెలుపుతుంది. సంప్రదింపులకు ముందు లక్ష్యాలపై చర్చ, అవి సాగుతుండగా గోప్యతా నియమాలకు లోబడి స్థాయీ సంఘానికి సమాచారం, రాష్ట్ర జాబితాలోని అంశాలపై రాష్ట్రాలతో సంప్రదింపు, ముగిసిన తరువాత ఓటింగు అనే నాలుగు అంచెలు చట్టబద్ధమైనప్పుడే పార్లమెంటు చర్చ సార్థకమవుతుంది. ప్రభుత్వం దయతలచి ఇచ్చే రెండు రోజుల సమావేశం ఆ అంచెలకు ప్రత్యామ్నాయం కాజాలదు.